ప్రైవేటు ఉద్యోగంలో మీ హక్కులు, మీ బాధ్యతలు: చేరిన రోజు నుంచి లెక్క తేలే రోజు దాకా

షోరూంలో సేల్స్‌మన్, నర్సింగ్ హోంలో నర్సు, చిన్న ఐటీ కంపెనీలో టెస్టర్, గోడౌన్‌లో సూపర్‌వైజర్. జీతం ఆగిందనో, పీఎఫ్ పడలేదనో, ఉన్నట్టుండి రేపటి నుంచి రావద్దన్నారనో వీళ్లలో ఎవరు లేబర్ ఆఫీసుకు వెళ్లినా అక్కడ వినపడే మొదటి మాట ఒకటే: "కాగితాలేమున్నాయి?" చట్టం చాలావరకు ఉద్యోగి వైపే మాట్లాడుతుంది. ఇబ్బందల్లా ఉద్యోగం సాఫీగా సాగినన్నాళ్లూ ఏ కాగితమూ దాచుకోకపోవడంతోనే వస్తుంది. అందుకే ఈ మార్గదర్శి గొడవ దగ్గర కాకుండా ఉద్యోగంలో చేరే రోజు దగ్గర మొదలవుతుంది.

ముందు చట్టం సంగతి

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలను వీటిలో కలిపేశారు. జీతం, బోనస్ సంగతులు వేతనాల కోడ్‌లో, తొలగింపులు, వివాదాలు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా), గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి వచ్చే మొత్తం) సామాజిక భద్రత కోడ్‌లో, పనిగంటలు, సెలవులు, భద్రత నాలుగో కోడ్‌లో ఉంటాయి. కొత్త నియమాలు పూర్తిగా కుదురుకునే దాకా పాత నియమాలు, పాత పద్ధతులు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. కాబట్టి ఆఫీసులో ఇంకా పాత ఫారం పేరే చెబితే కంగారు పడక్కర్లేదు. షాపులు, ఆఫీసులకు వర్తించే రాష్ట్ర చట్టం, అంటే ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, దాని దారిలో అది ఉంది.

ఒక తేడా మాత్రం మొదట్లోనే తెలుసుకోవాలి. జీతం బకాయి విషయంలో వేతనాల కోడ్ మేనేజరుకు కూడా వర్తిస్తుంది. ఉద్యోగం నుంచి తీసేసినప్పుడు వచ్చే వివాదంలో మాత్రం పారిశ్రామిక సంబంధాల కోడ్ "వర్కర్"కే రక్షణ ఇస్తుంది. మేనేజర్ స్థాయి పని చేసేవాళ్లు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు అందులోకి రారు. ఇక్కడ కార్డు మీద రాసిన హోదా కంటే రోజూ చేసే పని ముఖ్యం. "మేనేజర్" అని రాసి ఉన్నా మీ కింద ఎవరూ లేకపోతే, సెలవు మంజూరు చేసే అధికారం కూడా మీకు లేకపోతే, మీరు వర్కరేనని వాదించవచ్చు.

మొదటి మెట్టు: నియామక పత్రం

ఆఫర్ లెటర్ వేరు, అపాయింట్‌మెంట్ లెటర్ వేరు. కొత్త కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాల్సిందే. ఎప్పటి నుంచో పనిచేస్తూ అది లేనివాళ్లకు కూడా ఇవ్వాలి. అడగడానికి మొహమాటంగా ఉంటే "బ్యాంకు లోన్‌కు కావాలండీ" అని అడగండి, పని జరుగుతుంది.

అందులో చేరిన తేదీ, హోదా, జీతం విడివిడిగా, ప్రొబేషన్ ఎన్నాళ్లు, నోటీసు పీరియడ్ ఎంత అన్నవి చూడండి. నోటీసు మీకు 90 రోజులు, కంపెనీకి 30 రోజులు అని రాసి ఉంటే సంతకం పెట్టక ముందే అడగాలి. చేరిన తర్వాత అడిగితే ఎవరూ వినిపించుకోరు.

బాండ్ విషయంలో రెండు రకాల అపోహలున్నాయి. బాండ్లన్నీ చెల్లవని కొందరంటారు, సంతకం పెట్టాక ఇక దిక్కులేదని ఇంకొందరంటారు. మూడేళ్లు పనిచేయకుండా వెళ్లిపోతే 2 లక్షల రూపాయలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగంలో ఉన్నంతకాలానికి సంబంధించిన షరతు సమంజసంగా ఉంటే చెల్లుతుందన్నమాట. మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదనే షరతు మాత్రం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలబడటం కష్టం. బాండ్‌లో పెద్ద అంకె రాసి ఉన్నా కోర్టు సమంజసమైన నష్టపరిహారం మేరకే ఇప్పిస్తుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకండి. "వెరిఫికేషన్‌కు" అంటే చూపించి, జిరాక్స్ ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఏయే సర్టిఫికెట్లు తీసుకున్నారో రాసిన రసీదు ఈరోజే అడగండి.

రెండో మెట్టు: పే స్లిప్ చదవడం

సీటీసీ, అంటే మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు చూసి మురిసిపోయి, చేతికొచ్చింది చూసి నీరుగారిపోవడం అందరికీ మామూలే. ఒక లెక్క చూద్దాం. బేసిక్ 12,000, ఇంటి అద్దె భత్యం 5,000, రవాణా భత్యం 3,000. మొత్తం 20,000. మీ పీఎఫ్ వాటా బేసిక్‌లో 12 శాతం, అంటే 1,440. మీ ఈఎస్ఐ వాటా మొత్తంలో 0.75 శాతం, అంటే 150. వృత్తి పన్ను తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా ఈ జీతానికి 150. చేతికి 18,260 రావాలి. కంపెనీ తన వైపు నుంచి పీఎఫ్‌కు 1,440, ఈఎస్ఐకి 3.25 శాతం కింద 650 కడుతుంది. ఇవన్నీ కలిపితే 22,090. సీటీసీ అని చెప్పేది ఈ అంకెనే. సీటీసీలో కంపెనీ వాటాను చూపించడం మామూలే. ఆ వాటాను మీ 20,000 నుంచే కోస్తుంటే మాత్రం అది తప్పు. చేతికి 18,260 బదులు 16,820 వస్తోందా? అయితే రెండు పీఎఫ్ వాటాలూ మీ మీదే వేశారని అర్థం.

కొత్త కోడ్‌ల ప్రకారం అద్దె, రవాణా లాంటి మినహాయింపు భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం కూడా "వేతనం" లెక్కలోకి వస్తుంది. బేసిక్‌ను ఆరేడు వేలకు కుదించి మిగతాదంతా భత్యాల్లో చూపించే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దాని వల్ల నష్టం గ్రాట్యుటీలో తెలుస్తుంది, అదీ చివర్లో.

పే స్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. వచ్చిన ప్రతి స్లిప్‌నూ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆఫీసు మెయిల్‌లోనే ఉంచితే మానేసిన రోజు సాయంత్రానికి అది మూతబడుతుంది.

మూడో మెట్టు: పీఎఫ్ నిజంగా పడుతోందా?

స్లిప్‌లో కోత కనిపిస్తే ఖాతాలో పడినట్టేనని చాలామంది అనుకుంటారు. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. ఇరవై మంది, అంతకు మించి ఉన్న సంస్థ పీఎఫ్ కట్టాలి. ఏ నెలదైనా మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. మీరు చేరిన రెండో నెల 20 తర్వాత ఒకసారి చూసుకోండి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ కనిపిస్తుంది. లేదా రిజిస్టరైన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే ఎస్ఎంఎస్ వస్తుంది. ఇందుకు యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు, యాక్టివేట్ అయి ఉండాలి, ఆధార్ గానీ పాన్ గానీ బ్యాంకు ఖాతా గానీ దానికి జతై ఉండాలి.

పాస్‌బుక్‌లో కంపెనీ వాటా 12 శాతం కనిపించలేదని ఫోన్లు చేసేవాళ్లు చాలామంది. కంపెనీ వాటాలో 8.33 శాతం పింఛను పథకానికి వెళుతుంది, 3.67 శాతమే పీఎఫ్ నిల్వలో చేరుతుంది. పై లెక్కలో 1,440లో దాదాపు 1,000 పింఛనుకు, 440 నిల్వకు. పింఛనుకు వెళ్లేదాన్ని 15,000 రూపాయల వేతనం మీదే లెక్కిస్తారు కాబట్టి అది నెలకు 1,250 దాటదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది, అదే ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాన్‌లో చివర. చేరేటప్పుడు హెచ్ఆర్ వాళ్లు వీటిలో ఏదో ఒకటి చూసి టైపు చేసేస్తారు. పదేళ్ల తర్వాత డబ్బు తీసుకోబోతే పేరు సరిపోలేదని క్లెయిమ్ తిరిగొస్తుంది. ఉద్యోగంలో ఉండగానే ఆధార్‌లో ఉన్నట్టు పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచేయించుకోండి. కంపెనీ మూతపడ్డాక ఇదే పనికి కాళ్లరిగేలా తిరగాలి.

నామినీ పేరు కూడా ఆ రోజే పెట్టేయండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి అలాగే వదిలేసినవాళ్లు లెక్కలేనంతమంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా కింద కుటుంబానికి 7 లక్షల దాకా వస్తుంది. దీనికి ఉద్యోగి పైసా కట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకోవడం మంచి అలవాటు కాదు. పదేళ్ల సర్వీసు కలిస్తేనే 58 ఏళ్లకు నెలవారీ పింఛను హక్కు వస్తుంది. అయిదేళ్లలోపు తీస్తే పన్ను కోత కూడా ఉంటుంది. అదే యూఏఎన్‌తో బదిలీ చేయించుకోండి.

ఈఎస్ఐ గురించి క్లుప్తంగా

పది మంది, అంతకు మించి ఉన్న సంస్థలో నెలకు 21,000 దాకా జీతం ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. వైద్యం మీకే కాదు, కుటుంబానికీ. జబ్బుతో సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం వస్తుంది, కానీ దానికి ముందు ఆరు నెలల కాలంలో 78 రోజులైనా చందా కట్టి ఉండాలి. పనిలో ప్రమాదం జరిగితే ఆ షరతు లేదు, తొలిరోజు నుంచే రక్షణ ఉంటుంది. అర్హత ఉంటే ప్రసూతి సెలవు 26 వారాలు. మధ్యలో జీతం 21,000 దాటినా ఆ చందా కాలం ముగిసే దాకా, అంటే సెప్టెంబరు లేదా మార్చి చివరిదాకా, కొనసాగుతుంది. "జీతం పెరిగింది, ఈఎస్ఐ తీసేశాం" అని జూన్‌లో చెబితే ఒప్పుకోకండి.

నాలుగో మెట్టు: పనిగంటలు, కోతలు

నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోగా రావాలి. ఓవర్‌టైంకు మామూలు వేతనానికి రెట్టింపుకు తగ్గకుండా ఇవ్వాలి. తెలంగాణ 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చంది, అయితే వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. పది గంటలు ఆరు రోజులు చేయించుకుంటే అందులో 12 గంటలు ఓవర్‌టైమే. సెలవుల విషయానికొస్తే, ఏడాదిలో 180 రోజులు పనిచేసిన వర్కర్‌కు ప్రతి 20 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు వస్తుంది.

కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. జరిమానా వేయాలంటే ముందు మీ వివరణ వినాలి. అది ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు, వాయిదాల మీద వసూలు చేయకూడదు. క్యాష్ కౌంటర్‌లో తేడా వచ్చిందని సిబ్బంది అందరి జీతంలో తలా కొంత కోసే దుకాణాలకు ఈ మూడు ముక్కలు తెలియక కాదు, అడిగేవాళ్లు లేక.

పది మంది, అంతకు మించి ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. కమిటీ లేని చిన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు.

అయిదో మెట్టు: మన వైపు నుంచి

హక్కుల గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తారు. నిజానికి చాలా కేసులు బలహీనపడేది ఇక్కడే. చెప్పకుండా మానేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. గొడవపడి కోపంతో ఇంటికెళ్లి ఫోన్ ఆపేస్తే, వారం తిరిగేసరికి "అనుమతి లేని గైర్హాజరు" అంటూ నోటీసు వస్తుంది. ఆ నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే ఇంకా నష్టం. తీసుకుని సమాధానం రాయాలి. జబ్బు చేస్తే అదే రోజు మెసేజ్, తర్వాత డాక్టర్ సర్టిఫికెట్.

కంపెనీ డేటా, కస్టమర్ల జాబితా సొంత మెయిల్‌కు పంపుకోవడం వేరు, మీ పే స్లిప్పులు పంపుకోవడం వేరు. మొదటిది మీ మీదే కేసవుతుంది. ఒకేసారి రెండు ఉద్యోగాలు చేయకూడదని నియామక పత్రంలో రాసి ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, పాస్‌బుక్‌లో ఒకే నెలకు రెండు కంపెనీల చందా పడితే ఇట్టే బయటపడుతుంది. భద్రతా నియమాలు పాటించడం, హెల్మెట్, బెల్టు పెట్టుకోవడం కూడా చట్టం ఉద్యోగి మీద పెట్టిన బాధ్యతే.

ఆరో మెట్టు: మానేసేటప్పుడు

రాజీనామా మెయిల్‌లో ఇవ్వండి. చివరి పనిదినం తేదీ స్పష్టంగా రాయండి. నోటీసు పూర్తిగా చేయలేకపోతే ఎన్ని రోజులకు డబ్బు కట్టాలో రాతలో అడగండి. చివరి రోజు లాప్‌టాప్, ఐడీ కార్డు, సిమ్, తాళాలు అప్పగించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే అదే టేబుల్ దగ్గర ఫొటో తీసి "ఈ వస్తువులు ఇప్పుడే అప్పగించాను" అని మెయిల్ పెట్టండి.

"నువ్వే రిజైన్ చేయి, లేకపోతే టెర్మినేట్ చేస్తాం, నీ రికార్డు పాడవుతుంది." ఐటీలో ఈ మాట వినని వాళ్లు తక్కువ. ఏడాది సర్వీసున్న వర్కర్‌ను సిబ్బంది తగ్గింపు పేరుతో తీసేస్తే నెల నోటీసు గానీ దాని జీతం గానీ ఇవ్వాలి, పైగా ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. రాజీనామా మీదైతే ఆ పరిహారం ఉండదు. వాళ్ల తొందరంతా అందుకే. ఆ గదిలో సంతకం పెట్టకండి, ఆలోచించుకుని చెబుతానని బయటికి రండి. అదే సాయంత్రం ఏం జరిగిందో, ఎవరు ఏమన్నారో మర్యాదగా ఒక మెయిల్ రాసి హెచ్ఆర్‌కు పంపి, కాపీ దాచుకోండి. ఏడెనిమిది నెలల జీతం ఇస్తామంటూ బేరానికి వస్తే లెక్క వేసుకుని ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందన్నదీ నిజమే.

ఏడో మెట్టు: చివరి లెక్క, గ్రాట్యుటీ

రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లోగా ఇవ్వాలని వేతనాల కోడ్ అంటోంది. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు" అన్న పాత మాట ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. మొదటి మెయిల్‌లోనే ఈ నిబంధన గుర్తుచేయండి.

గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు కావాలి. నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద చేరినవాళ్లకు కొత్త కోడ్‌లో ఏడాది చాలు. మరణం, అంగవైకల్యం అయితే అయిదేళ్ల షరతు లేదు. లెక్క ఇలా: చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన మిగులు ఏడాదిగా లెక్క. బేసిక్ 12,000, సర్వీసు ఆరేళ్ల ఎనిమిది నెలలు అయితే ఏడేళ్లకు సుమారు 48,460 రూపాయలు వస్తుంది. అదే బేసిక్ 6,000గా కుదిస్తే ఇందులో సగమే, భత్యాలు సగం దాటితే దాటినదీ వేతనమేనన్న నిబంధన మీద పట్టుబట్టాల్సింది ఇక్కడే. గరిష్ఠం 20 లక్షలు. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ కూడా కట్టాలి.

పాత కంపెనీ పీఎఫ్‌లో మానేసిన తేదీ నమోదు చేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. దీనికోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: ఇవ్వకపోతే

మొదట ఒక మెయిల్, దాని కాపీ స్పీడ్ పోస్టులో. కోపం, బెదిరింపు ఏమీ వద్దు. ఇలా రాస్తే చాలు:

"హెచ్ఆర్ మేనేజర్ గారికి, నేను ఫలానా తేదీన రాజీనామా ఇచ్చి, ఫలానా తేదీన రిలీవ్ అయ్యాను. లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించిన రసీదు జతచేశాను. నాకు రావలసినవి: రెండు నెలల జీతం ఇంత, వాడని సెలవులకు ఇంత, గ్రాట్యుటీ ఇంత, మొత్తం ఇంత. పది రోజుల్లోగా నా ఖాతాలో జమ చేయగలరు. లెక్కలో తేడా ఉంటే అది ఎక్కడో రాసి తెలపగలరు."

చివరి వాక్యం ముఖ్యం. జవాబు రాస్తే ఎంతో కొంత బాకీ ఒప్పుకున్నట్టవుతుంది, రాయకపోతే ఆ మౌనం కూడా మీకు పనికొస్తుంది.

తర్వాత లేబర్ ఆఫీసు. మీ సంస్థ ఉన్న ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. హైదరాబాద్‌లో కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. సంస్థ బ్యాంకు, రైల్వే, ఓడరేవు లాంటిదైతే కేంద్ర కార్మిక కమిషనర్ పరిధిలోకి వస్తుంది, దానికి సమాధాన్ పోర్టల్‌లో అర్జీ పెట్టాలి. చాలా చిన్న బకాయిలు ఆఫీసర్ నుంచి ఒక ఫోన్ వెళ్లడంతోనే తేలిపోతాయి.

పీఎఫ్ కోసి కట్టకపోతే లేబర్ ఆఫీసు కాదు, పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్. హైదరాబాద్‌వాళ్లు బర్కత్‌పుర ఆఫీసుకు వెళ్లవచ్చు. ప్రతి నెలా 27 ప్రాంతంలో జిల్లాల్లో "నిధి ఆప్‌కే నికట్" పేరుతో పీఎఫ్ అధికారులు అర్జీలు తీసుకుంటారు. హెల్ప్‌లైన్ 14470. ఫిర్యాదులో నెల, స్లిప్‌లో కోసిన మొత్తం, పాస్‌బుక్‌లో పడినది పక్కపక్కన పట్టికగా రాసివ్వండి.

అర్జీతో పని కాకపోతే వేతనాల కోడ్ కింద క్లెయిమ్ వేయాలి. ఇందుకు మూడేళ్ల గడువుంది. అధికారి బాకీతో పాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం ఇప్పించవచ్చు, అయితే పదిరెట్లు వస్తుందని ఆశ పెట్టుకోకండి. సెక్షన్ 59 మాత్రం గుర్తుపెట్టుకోండి: జీతం ఇచ్చానని రుజువు చేయాల్సిన భారం యజమానిదే. కాంట్రాక్టర్ కింద పనిచేసినవాళ్లకు కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు సంస్థే కట్టాలి, కాబట్టి అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి. ఉద్యోగం నుంచి తీసేసిన వర్కర్ అయితే దారి వేరు: ముందు రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి, 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్, అదీ రెండేళ్లలోపు.

లాయర్ ఫీజు భయంతో ఆగిపోకండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఫోన్ 15100.

ఉత్తర్వు మీవైపు వచ్చినా కంపెనీ కట్టకపోతే, అదే అధికారి దగ్గర రికవరీ సర్టిఫికెట్ అడగండి. దాని మీద కలెక్టర్ భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయిస్తారు. కంపెనీ రిజిస్టర్డ్ చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు మీరే తెచ్చిస్తే పని త్వరగా కదులుతుంది. ఖాతా వివరాలు మీ పాత జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరకవచ్చు.